కాడ మీది తుప్పు

ఒకయామా ఊళ్లోని సుషీ దుకాణాన్ని అల్లుడికి అప్పగించిన ఏడాదే ఇనగాకికి యుద్ధాల కాలం నాటి పాత కత్తుల మీద మనసు పోయింది. జీవితమంతా చేపలు కోసిన చెయ్యి కదా, కత్తి లేకపోతే తోచడం లేదని వీధిలో వాళ్లు అనుకున్నారు. అందులో కొంత నిజం ఉంది. భార్య సయో మాత్రం, "ఆ కత్తులు మనకింత అన్నం పెట్టాయి. ఈ కత్తులు ఏం పెడతాయండీ?" అని అడిగింది.

పాత కత్తులంటే ప్రాణం పెట్టేవాళ్లు కొందరు నెలకోసారి బౌద్ధాలయం వెనక గదిలో కూడేవారు. వాళ్లకి పెద్ద దిక్కు హోరియే అనే గురువుగారు. ఒకప్పుడు హైస్కూల్లో చరిత్ర చెప్పిన మనిషి. ఇనగాకి అక్కడికి వెళ్లిన మొదటిరోజే ఒక కత్తిని చేతికిచ్చారు. ఆయన అలవాటు కొద్దీ పదునెలా ఉందోనని బొటనవేలు అంచు మీద ఆనించి, "బాగానే తెగుతుంది" అన్నాడు. గదిలో అందరి ఊపిరీ ఆగిపోయింది. ఆ అలుగు మీద, అంటే కత్తి రేకు మీద, వేలు పెట్టకూడదు. దాని ముందు నోరు తెరవకూడదు. తుంపర పడితే మచ్చ పడుతుంది.

ముగిషిమా అనే రిటైరైన బ్యాంకు మేనేజరు అందరికంటే ముందు తేరుకున్నాడు.

"మేస్త్రీ గారూ, దయచేసి దాంతో ట్యూనా చేప మాత్రం కొయ్యకండి!"

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆ గదిలో ఆయన పేరు మేస్త్రీ అయిపోయింది. దుకాణంలో ఎంతోమంది ఎన్నో ఏళ్లు ఆయన్ని మేస్త్రీ అనే పిలిచారు. అక్కడ ఆ మాట ఇష్టంగానే ఉండేది. ఇక్కడ మాత్రం ముల్లులా గుచ్చుకునేది. తన సొంత కత్తి ఆ బల్ల మీద ఉండాలి, అందరూ దాన్ని తలవంచి చూడాలి, ఒక్కసారైనా తనని ఇనగాకి గారూ అని పిలవాలి. ఆయన మనసులో ఇంకే కోరికా లేకుండా పోయింది.

గురువుగారు కొత్తవాళ్లకి సలహాలు చెప్పడంలో లోటు చేసే మనిషి కాదు.

"ఏడాదిపాటు ఊరికే చూడండి, కొనకండి. చేత్తో పట్టుకోని కత్తిని ఎంత గొప్పదన్నా నమ్మకండి. పిడి లోపలుండే కాడ మీద చెక్కిన పేరు చూసి మురిసిపోకండి. ఉలి ఉన్న ప్రతివాడూ ఎవరి పేరైనా చెక్కగలడు. పాత నూనె మెత్తటి కాగితంతో తుడిచి, కొత్త నూనె పలచగా రాయండి. అంతకుమించి అలుగుని ముట్టుకోకండి."

ఎవరో అడిగారు. "కాడ చూస్తే వయసు తెలుస్తుందంటారు కదండీ?"

"కాడ చూసి వయసు చెప్పేవాడు, పిల్ల మొహం చూడకుండా జాతకం చూసి పెళ్లాడే రకం! చెప్పేదంతా అలుగే చెబుతుంది. వినే చెవి ఉండాలి, అంతే."

ఇనగాకి ప్రతి మాటా పాటించాడు. ఏడాది ఊరికే చూశాడు. ఆ తర్వాత కురషికిలో ఒగుషి అనే ముసలావిడ కొట్లో పొట్టి కత్తి ఒకటి కొన్నాడు. ఆ కత్తి మీద ఎవరి పేరూ లేదు. ఒగుషి అవ్వ సరుకులో ముందు లోపం చూపించి, ఆ తర్వాతే గుణం చెప్పే మనిషి.

"ఇదిగో, ఇక్కడ చిన్న పొర లేచింది. కళ్లజోడు పెట్టుకుని చూడండి. తర్వాత ఇంటికెళ్లి నన్ను తిట్టుకుంటే నాకు ఎక్కిళ్లొస్తాయి."

"వయసెంత ఉంటుంది అవ్వా?"

"ఐదువందల ఏళ్లు ఉంటాయి. మన వైపు పనే. చేసినవాడు పేరు చెక్కలేదు. యుద్ధాల కాలంలో తీరికేదీ!"

డిసెంబరు చివరికొచ్చింది. కొత్త సంవత్సరం వచ్చేలోగా ఇల్లంతా దులపాలి. సయో చాపలు ఎండలో వేసి కొడుతోంది. ఇనగాకి వంటగది అరలు తుడిచి, ఇక తన కత్తి సంగతి చూద్దామని కూర్చున్నాడు. వెదురు మేకు తీసి, పిడి ఊడదీశాడు. అలుగు నీళ్లలా మెరుస్తోంది. దాని కింద పిడిలో దాగుండే కాడ మాత్రం పాత ఇనుప కెటిల్ రంగులో నల్లగా, గరుగ్గా ఉంది.

తుప్పు! ఆయన దుకాణంలో కత్తి మీద ఆవగింజంత తుప్పు కనబడితే ఆ పూట తలుపు తెరిచేవాడు కాదు. ఇక్కడ జానెడు తుప్పు. గురువుగారు అలుగుని ముట్టుకోవద్దన్నారు. కాడ గురించి ఏమీ అనలేదు. దాన్ని అసలు లెక్కలోకే తీసుకోవద్దన్నట్టు మాట్లాడారు కూడా.

చేపల కత్తులు తోమే పద్ధతి ఆయనకి ఒకటే తెలుసు. ముల్లంగి చివర కోసి, గిన్నెలు తోమే పొడిలో అద్ది, రుద్దాలి. సింకులోకి నల్లటి నీళ్లు కారాయి.

"ఏవండీ! అది పండగ వంటకి ఉంచిన ముల్లంగి!"

"తోకే కదా సయో."

సాయంత్రానికి కాడలో ఆయనకి తన ముక్కు కనబడింది. కడిగి, తుడిచి, ఆరబెట్టి, నూనె రాశాడు. ఇంత శుభ్రమైన కత్తి ఆ సంఘంలో ఎవరికీ ఉండదని అనుకున్నాడు. ఆ అనుకోవడంలో తప్పేమీ లేదు.

కొత్త ఏడాది మొదటి కూడికలో ఇనగాకి కత్తి బల్ల మీదికి ఎక్కింది. ఆ సంఘంలో ఒక ఆట ఉంది. పిడి తీసేసి, కాడకి గుడ్డ చుట్టేస్తారు. అందరూ అలుగు మాత్రమే చూసి, ఏ కాలానిదో, ఏ ప్రాంతానిదో చీటీ మీద రాస్తారు. కత్తి సొంతదారు నోరు విప్పకూడదు. ఇనగాకి మూల కూర్చుని మోకాళ్లు పట్టుకున్నాడు.

ఒక్కొక్కరే కత్తికి తల వంచి, దీపం వైపు ఎత్తి చూశారు. పళ్ల డాక్టరు షిరానె గారు దాన్ని బల్ల మీద పెట్టాక కూడా కాసేపు కళ్లు మూసుకుని ఉండిపోయింది. ఆ తర్వాత, "ఎంత ప్రశాంతత! ఐదువందల ఏళ్లు బతికితేగాని ఇలాంటి నెమ్మది రాదు" అంది.

గురువుగారు చీటీలు విప్పి మొహమంతా నవ్వు చేసుకున్నారు.

"ఒక్కరూ తప్పలేదు! అందరూ మన వైపు పనే, ఐదువందల ఏళ్లదే అన్నారు. అలుగు మాట్లాడుతుందని ఊరికే చెబుతానా?"

ఆ సంతోషంలోనే గుడ్డ విప్పారు. కాడ కొత్త చెంచాలా తళతళలాడింది.

"అదే..." అన్నాడు ముగిషిమా. "నాకు మొదట్నుంచీ ఏదో తేడాగానే ఉంది."

"అంచు మీద అలల్లాంటి గీతలు మరీ ఆత్రంగా ఉన్నాయి" అంది షిరానె గారు.

"ఇందాక ప్రశాంతత అన్నారు కదండీ!" అన్నారు పక్కనెవరో.

"ప్రశాంతత లోపల ఆత్రం ఉందనే నా ఉద్దేశం."

గురువుగారు కత్తి అందుకున్నారు. మాట్లాడుతుందన్న అలుగు వైపు ఒక్కసారి చూసి, మాట్లాడదన్న కాడని మాత్రం తిప్పి తిప్పి చూశారు.

"మంచి పనే. ఎవరో కుర్ర కమ్మరి. నిరుడో ముందటేడో చేసి ఉంటాడు."

టీ చల్లారేలోపు ఐదువందల ఏళ్లు ఆవిరైపోయాయి.

"ఎవరమ్మారండీ ఇది?" అని అడిగాడు ముగిషిమా.

"కురషికిలో ఒగుషి అవ్వ."

"ఆవిడ కూడా మోసం మొదలుపెట్టిందన్నమాట! ఇక ఆ గుమ్మం తొక్కేది లేదు."

ఆ తర్వాత జరిగింది ఇనగాకి కలలో కూడా ఊహించనిది. షిరానె గారు మొదటి టీ కప్పు ఆయనకే ఇచ్చింది. ముగిషిమా పక్కకొచ్చి కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు.

"బాధపడకండి, ఇనగాకి గారూ. మోసపోవడం కూడా చదువే. నేనైతే ఒకసారి..." అంటూ తను మోసపోయిన కథ చెప్పాడు. షిరానె గారు తన కథ చెప్పింది. గురువుగారు కూడా గొంతు తగ్గించి తనదీ చెప్పారు. అందరూ నవ్వుకున్నారు. ఈ గదిలో మనిషిగా లెక్కకు రావాలంటే మంచి కత్తి కొననక్కర్లేదు, చెడ్డ కత్తి ఒకటి కొంటే చాలని ఇనగాకికి అప్పుడు అర్థమైంది. ఇనగాకి గారూ! ఆ మాట ఎంత తియ్యగా ఉందో! నోరు మూసుకుని టీ తాగితే అది తనదే.

కప్పు ఎత్తాడు. కళ్లజోడు పెట్టుకుని చూడండి అన్న ముసలావిడ కళ్ల ముందు మెదిలింది. ఆయన కప్పు కింద పెట్టాడు.

"అవ్వ మోసం చెయ్యలేదండీ. నేనే తోమాను."

"ఏం తోమారు?"

"కాడ. ముల్లంగి ముక్కతో. గిన్నెలు తోమే పొడి వేసి."

షిరానె గారు ఒలుస్తున్న నారింజపండు చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లింది. గురువుగారు ఎవరో పోయిన కబురు విన్నట్టు అయిపోయారు.

"తుప్పు... మొత్తమా?"

"మొత్తం అండీ. కమ్మరి గీసిన ఆకురాయి గీతల్లో కూడా ఉంచలేదు. వెదురు పుల్లకి గుడ్డ చుట్టి తీశాను." ఎంత వద్దనుకున్నా ఆయన గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది.

ముగిషిమా చెయ్యి భుజం మీద నుంచి లేచిపోయింది. "ఐదువందల ఏళ్ల తుప్పు! దాన్ని చూసే కదండీ వయసు చెప్పేది!"

"అలుగు చూసి చెబుతారనుకున్నాను" అన్నాడు ఇనగాకి. అందులో వెటకారం లేదు. నిజంగానే అనుకున్నాడు.

గురువుగారు ఖాళీ కప్పు ఎత్తి చాలాసేపు తాగారు.

"ముట్టుకోకూడదని చెప్పి ఉండాల్సింది."

"చెప్పలేదండీ."

"చెప్పాల్సి వస్తుందనుకోలేదు."

ఇంతలో ముగిషిమా చీటీల్లో తనది వెతికి పట్టుకున్నాడు. "నేను మాత్రం ఐదువందలనే రాశాను. ఇదిగో, చూడండి!" షిరానె గారు కూడా తన చీటీ తీసుకుంది. నిమిషంలో ఎవరి చీటీ వాళ్ల చేతిలో ఉంది. కత్తి బల్ల మీద ఒంటరిగా ఉంది. ఇనగాకి గురువుగారి చివరి సలహాలు విని, దాన్ని ఒరలో పెట్టి గుడ్డ చుట్టి లేచాడు. "బయట జారుతుంది, జాగ్రత్తగా వెళ్లండి మేస్త్రీ గారూ" అన్నాడు ముగిషిమా, గుమ్మం దాకా రాకుండానే.

ఇంటికి వచ్చేసరికి సయో పండగకి చేసిన మోచీ అన్నపు బిళ్లలు కాలుస్తోంది.

"ఏమన్నారండీ?"

"ఐదువందల ఏళ్లదన్నారు. తర్వాత నిరుటిదన్నారు. నేను తోమానని చెప్పాక మళ్లీ ఐదువందల ఏళ్లదన్నారు."

"తోమినందుకు తిట్టారా?"

"తిడితే బాగుండేది. ఆ తుప్పు మళ్లీ రావాలంటే కనీసం రెండువందల ఏళ్లు పడుతుందట."

సయో మోచీ తిరగేసింది. "స్నానాల గది పక్కన పెడదామా? అక్కడ సీలలన్నీ వారంలో తుప్పు పడుతున్నాయి."

"అమ్మో, అది మోసమట! దొంగ కత్తులు చేసేవాళ్లు అలాగే చేస్తారట. తోమితే పాపం, తుప్పు పట్టిస్తే నేరం."

"మరి ఏం చెయ్యమన్నారు?"

"ఏమీ చెయ్యకుండా ఉండమన్నారు."

సయో లేచి, సింకు పక్కనున్న పొడి డబ్బా తీసి, పీటెక్కి, ఆయన చెయ్యి అందని పై అరలో పెట్టింది.