తొమ్మిదితో పోయే నంబరు

వైకుంఠం డ్రైవర్ ఉద్యోగం మానేసి, సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే బండి కొన్నాడు. తొమ్మిది కలిసొస్తుందని జాతకం చెప్పే ఆయన అన్నాడు. చార్మినార్ దగ్గర సిమ్ముల దుకాణంలో వెతికి, అంకెలన్నీ కూడితే 45, మళ్లీ కూడితే 9 వచ్చే మొబైల్ నంబరు తీసుకున్నాడు. చివరి రెండంకెలు 63.

పెయింటర్ ఇషాక్ ఆ నంబరును రేకు మీద అచ్చుగా కోసి, సైదాబాద్ నుంచి సంతోష్‌నగర్ దాకా గోడల మీద కొట్టాడు. వారమైనా ఒక్క ఫోనూ రాలేదు. బండి ఇంటి ముందే ఉంది. భార్య కాశమ్మ దాని నిచ్చెన మీద బట్టలు ఆరేయడం మొదలుపెట్టింది.

వైకుంఠం వెళ్లి గోడ మీది నంబరు చదివాడు. చివర 36 ఉంది. ఇషాక్‌ను పిలిపించాడు.

"ఏంది భాయ్ ఇది?"

"కూడి చూస్కో అన్నా. నలభై అయిదు. నేను ఏ నంబరైనా గట్లనే చెక్ చేస్త."

"కూడితే సరే. ఫోన్ ఎవరికి పోతుంది?"

"ఎవరికి పోయినా తొమ్మిదికే పోతది. ఫికర్ చెయ్యకు."

ఇషాక్ కూడికలో తప్పు లేదు. అంకెల మొత్తం శేషం లేకుండా తొమ్మిదితో పోతే ఆ సంఖ్యా తొమ్మిదితో పోతుంది. అంకెల వరస ఎటు మార్చినా మొత్తం మారదు. తొమ్మిది వందల కోట్లు దాటిన ఆ రెండు సంఖ్యల మధ్య తేడా 27. అదీ తొమ్మిదితో పోతుంది. అంకెలు తారుమారైతే కూడిక ఆ తప్పును పట్టుకోలేదు.

వైకుంఠం గోడ మీది నంబరుకు ఫోన్ చేశాడు. ఎత్తింది సైదాబాద్‌లో పెళ్లి సంబంధాలు కుదిర్చే అక్తరున్నీసా.

"నీదేనా ఆ గలీజు బండి? సంబంధమేమో అని ఎత్తుత. నిండింది, పొంగుతుంది, జల్ది రా అంటరు. ఎవరి పిల్లకు ఏమైందో అని నా పానం పోతుంది!"

"మాఫ్ చెయ్ ఆపా. గోడలన్నీ మళ్ల కొట్టిస్త."

"వద్దు. నీ ఫోన్లు నేనే ఎత్తి నీకు చెప్త. ఒక షరతు."

"ఏంది?"

"పిల్లగానోళ్లు నన్ను ముందు గది దాకే రానిస్తరు. మేం నలుగురమే అంటరు. పెండ్లయినంక పిల్ల పన్నెండు మందికి రొట్టెలు చెయ్యాలె. తిట్లు నాకు. నువ్వు వెనక దాకా పోతవు. అసలు ఎంతమందో చూసి చెప్పు."

తెల్లారి ఇషాక్ తప్పు నంబర్లు చెరపడానికి సున్నం డబ్బాతో వచ్చాడు. గోడల మీద చెయ్యి పెట్టొద్దని చెప్పి వైకుంఠం బండి తీశాడు.

అక్తరున్నీసా చెప్పిన మొదటి పిలుపు సంతోష్‌నగర్ నుంచి. ఇంటాయన పెరట్లో ట్యాంకు మూత చూపించాడు. వైకుంఠం లోపలికి తొంగి చూశాడు.

"ఎంతమంది ఉంటరన్నా?"

"నలుగురం."

"మొన్న దసరాకే ఖాళీ చేయించినమని ఫోన్ల చెప్పిన్రట. నలుగురు తింటే గింత నిండదు."

ఇంటాయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా బామ్మర్దులు ఇద్దరు, వాళ్ల పిల్లలు. నీకెందుకయ్యా?"

వైకుంఠం పైపు లోపలికి దింపి, చేతులు కడుక్కొని అక్తరున్నీసాకు ఫోన్ చేశాడు.