తాళిబొట్ల బీరువా

"చేతులు చాపు. ఇంకా పైకెత్తు."

నీలావతి అరచేతులు వరుసలో ముందున్న పిల్ల చంకల కింద నుంచి నడుము దాకా చకచకా జారాయి. కుచ్చిళ్ళ దగ్గర రెండు వేళ్ళు దోపి తిప్పింది. కొప్పు విప్పించి వెతికితే ఒక పిన్నీసు దొరికింది. దాన్ని బల్ల మీది రేకు డబ్బాలో పడేసి, "రోజూ నీతో ఇదేనా? లోపల ఇది అగ్గిపుల్లతో సమానం, తెల్దా?" అంది. ఆ పిల్ల నాలుక కరుచుకుని పక్కకు జరిగింది. వెనకామె చేతులు చాపింది.

పెనుకొండ నుంచి హిందూపురం పోయే రోడ్డుకు కాస్త లోపలగా, గుట్టల చాటున ఉంది ఆ గవర్నమెంటు తూటాల ఫ్యాక్టరీ. మందు గదుల్లో కూర్చుని తూటాల్లోకి మందు దట్టించేది ఎక్కువగా ఆడవాళ్ళే. అక్కడికి ఇనుము పోకూడదు, ఇత్తడి పోకూడదు, బంగారం కూడా పోకూడదు. పట్టు, నైలాను రాసుకుంటే చిటుక్కుమంటాయి కాబట్టి అవీ కూడదు. ఒంటి మీద ఉండాల్సింది ఉతికిన నూలు చీర, నూలు రవిక, అంతే. మగ్గాల ఇంట్లో పుట్టిన ధర్మవరం పిల్ల సౌమ్య ఉద్యోగంలో చేరిన తొలి రోజు పట్టంచు చీర కట్టుకుని సింగారించుకుని వస్తే, నీలావతి గేటులోంచే వెనక్కి పంపింది. ఆ సంగతి చెప్పుకుని ఆడవాళ్ళు ఇప్పటికీ నవ్వుతారు.

మెట్టెలు, గాజులు, కమ్మలు తీయమంటే ఎవరూ పెద్దగా గొణగలేదు. తాళిబొట్టు దగ్గరే వచ్చింది తంటా. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో ఆడవాళ్ళంతా గేటు ముందు కూర్చుని, తీసేది లేదు పొమ్మన్నారట. చివరికి ఎవరో పెద్దామె దారి చూపింది. లోపలికి పోయేటప్పుడు పసుపు తాడుకు పసుపుకొమ్ము కట్టుకుని మెడలో వేసుకోవాలి, మెడ బోసిగా ఉండకూడదు. తాళి మాత్రం గేటు దగ్గర తనిఖీ గదిలో, చెక్క బీరువాలో, ఎవరి మేకుకు వాళ్ళు తగిలించి పోవాలి. ఆఫీసర్లు సరేనన్నారు. ఆడవాళ్ళు ఇంకొక్క మాట పట్టుబట్టారు. ఆ తాళిబొట్లు అందుకునే చెయ్యి, తిరిగిచ్చే చెయ్యి ముత్తైదువది కావాలి. దాన్ని ఏ కాగితం మీదా రాయలేదు గానీ, రాసిన రూల్సన్నీ తప్పినా అది మాత్రం తప్పలేదు.

ఆ చెయ్యి ఇప్పుడు నీలావతిది.

వరుస చివర నారాయణమ్మ వచ్చింది. మందు అంటిన బట్టలు ఉతికే షెడ్డులో పని ఆమెకు. వేళ్ళు సోడా నీళ్ళలో నాని తెల్లగా పాలిపోయి ఉంటాయి. బీరువాలో తగిలించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. చేతులు చాపి నిలబడింది. నీలావతి తల పక్కకు తిప్పుకుని, తాకీ తాకనట్టు తడిమి, "పో" అంది. ఆమెను తడిమేటప్పుడు రోజూ ఇంతే.

నీలావతి కంటే ముందు ఈ గదిలో కూర్చున్నది నారాయణమ్మే. కార్గిల్ యుద్ధం జరిగిన ఎండాకాలంలో, ఫ్యాక్టరీ మూడు షిఫ్టులూ నడుస్తున్నప్పుడు, ఆమె మొగుడు లారీ కింద పడి పోయాడు. ఆమె ఆ పొద్దే గేటులో చెప్పి ఏడ్చుకుంటూ పోయింది. దినాలు అయ్యాక వచ్చి మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చుంది. ఆ ఉదయం ఆమె చెయ్యి చాచితే, మొట్టమొదట తాళిని గుప్పిట్లో దాచుకుని వెనక్కి జరిగింది నీలావతే. అప్పుడు తను మందు గదిలో పనిచేసేది. పదిమందిని వెంటేసుకుని ఆఫీసుకు పోయి మాట్లాడిందీ తనే. "మేం ఆయమ్మను ఏమీ అనడంల్యా సార్. మా మొగుళ్ళ గురించి మాకు భయముండదా?" అంది. ఆఫీసరు విసుక్కుని, అంత భయమైతే నువ్వే కూర్చో అన్నాడు.

అట్లా కూర్చుంది. అప్పటికే తన మొగుడు తన దగ్గర లేడన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

తిమ్మరాజు సెంట్రింగు పనికని బెంగుళూరు పోయాడు. మొదట నెలకోసారి, తర్వాత పండక్కి, ఆ తర్వాత అసలే రాలేదు. అక్కడ ఇంకొకామెతో కుదురుకుని, ఆమెతోనే చిలమత్తూరు వచ్చి కాపురం పెట్టాడని మరిది నల్లప్ప నోట విన్నప్పుడు, నీలావతికి ఏడుపు కంటే ముందు సిగ్గేసింది. ఈ మాట గేటులో తెలిస్తే ఎట్లా అనుకుంది. అందుకని బెంగుళూరులో మేస్త్రీ అయ్యాడని చెప్పింది. ప్రతి ఉగాదికీ హిందూపురంలో తన జీతంతో చీర కొనుక్కుని, ఆయన పంపించినాడని కట్టుకుని వచ్చింది. ఆడవాళ్ళు అంచు పట్టుకుని చూసి, "దూరముంటేనేమే, మొగుడంటే నీ మొగుడు" అనేవాళ్ళు. ఆమె ముసిముసిగా నవ్వేది. చెప్పగా చెప్పగా కొన్నాళ్ళకు తనకే అది నిజమనిపించడం మొదలైంది. ఎక్కడున్నా బతికున్నాడు కదా, నా చేతికేం తక్కువ అనుకునేది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తుంటే, గేటు సెక్యూరిటీ నాగన్న కిటికీలోంచి పిలిచాడు.

"నీలావతమ్మా, నీకు ఫోను. చిలమత్తూరు నుంచంట."

నల్లప్ప గొంతు. వెనక బస్సు హారన్లు వినిపిస్తున్నాయి.

"వదినా, అన్న పోయినాడు. తెల్లార్తో పోయినాడు. కామెర్లు ముదిరిపోయిండాయి. మూడుకు ఎత్తుతాము. వస్తావా?"

నాగన్న రెండడుగుల దూరంలో నిలబడి చెవులు ఇటే పెట్టాడు.

"డ్యూటీలో ఉండా" అంది నీలావతి.

"అట్లంటే ఎట్ల వదినా? ఆ యమ్మ ఉంటే ఉండనీ. తాళి కట్టింది నీకు కదా."

"డ్యూటీలో ఉండానప్పా" అని మళ్ళీ అదే మాట అని, ఫోను పెట్టేసింది.

"ఏమమ్మా?" అన్నాడు నాగన్న.

"ఏంల్యా. మా వాళ్ళలో ఏదో పంచాయితీ."

గదిలోకి వచ్చి కూర్చుని డబ్బా మూత పెట్టేసింది. ఎదురుగా బీరువా తలుపు తెరిచి ఉంది. గొలుసులు, నల్లపూసలు, పసుపు తాళ్ళు, వాటి చివర బొట్లు, మేకుకొకటి వేలాడుతున్నాయి. అవన్నీ ఉదయం తన చేత్తో తగిలించినవే. అప్పటికే తిమ్మరాజు పోయి ఉన్నాడు. ఆ ఆలోచన రాగానే ఆమె చేతులు చీర కొంగులోకి లాక్కుంది.

లేచి పోదామనుకుంది. పోతే ఎందుకో చెప్పాలి. చెబితే బెంగుళూరు మేస్త్రీ, ఉగాది చీరలు, అన్నీ బయటపడతాయి. ఇంతకాలం నమ్మి మెడలోవి తీసిచ్చిన వాళ్ళ ముఖాలు ఎట్లా ఉంటాయో ఆమెకు బాగా తెలుసు. ఒకప్పుడు తన ముఖమే అట్లా ఉంది. సాయంత్రం ఇవన్నీ తిరిగివ్వడానికి ఇంకెవరున్నారు, అందుకే ఉండిపోయాను అని తనకు తాను చెప్పుకుంది. మూడు గంటలైనప్పుడు బీరువా వైపు వీపు పెట్టి, గోడను చూస్తూ కూర్చుంది. మొగుడు పోతే గుండె పగలాల్సింది పోయి ఎవరికి తెలుస్తుందోనని అదురుతోందే అని తన మీద తనకే అసహ్యం వేసింది.

షిఫ్టు వదిలారు. బిలబిలమంటూ వచ్చేశారు అందరూ. ఒకామెకు బస్సు తొందర, ఒకామెకు బిడ్డ పాల తొందర. "ఇయ్యక్కా, తొందరగా ఇయ్యి." నీలావతి మేకుల మీంచి తీసి ఇస్తూనే ఉంది. కొంగు అడ్డం పెట్టుకుని, బొట్టు తగలకుండా గొలుసు కొస పట్టుకుని ఇచ్చింది. ఎవరూ గమనించలేదు. అందుకున్నవాళ్ళు బొట్టును కళ్ళకద్దుకుని మెడలో వేసుకుని పోయారు. ప్రతి ఒక్కరితోనూ ఈమెకు చెప్తా అనుకుంది. ప్రతి ఒక్కరూ చెప్పకముందే పోయారు.

నారాయణమ్మ వచ్చింది. తనిఖీ అయ్యాక కూడా కదల్లేదు.

"మధ్యాన్నం ఫోనొచ్చినప్పుడు నేను ఆడే గుడ్డలు ఆరేస్తాంటి" అంది మెల్లగా. "నీ మొగం చూసినా. ఆ పొద్దు నాదీ అట్లే ఉండె. పోయింది ఆయప్పేనా?"

నీలావతి తల ఊపింది.

"ఎవురికీ చెప్పద్దు" అంది నారాయణమ్మ. "నా మాట ఇను. నేను చెప్పి చెడితి. నువ్వన్నా బాగుండు. చిన్నబిడ్డ మాదిరి భయపడతావేమే, ఈ చేతులకేమయిండాది?" అని తడి ఆరని తన వేళ్ళతో ఆమె మణికట్టు ఒకసారి నొక్కి వదిలి, వెళ్ళిపోయింది.

తిట్టి ఉంటే బాగుండేది. నీలావతి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. తల ఎత్తలేకపోయింది.

చివరికి సౌమ్య మిగిలింది. మొగుడు మంజునాథ్ మోపెడ్ మీద వచ్చేదాకా ఆగి, అందరి వెనకా నిలబడే పిల్ల. బయట హారను వినగానే కిటికీ దగ్గరికి ఉరికింది. అతను ఊచల సందులోంచి ఒక విస్తరాకు పొట్లం అందించాడు. సౌమ్య దాన్ని విప్పి, కనకాంబరాల మాలలో సగం తెంపి, నీలావతి ముందు బల్ల మీద పెట్టింది.

"నీకక్కా. పెట్టుకో."

తర్వాత బీరువా దగ్గరికి పోయి, చనువుగా తనే మేకు మీంచి తాళి తీసుకొచ్చి, వీపు తిప్పి నిలబడింది. ఆ పిల్లది ఇంకా గొలుసు కాదు, పొట్టి పసుపు తాడు. తల మీదుగా దిగదు, వెనక ముడి వేయాలి. పెళ్ళై వచ్చినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఆ ముడి వేసేది నీలావతే.

"కట్టక్కా. నీ చెయ్యి మంచిదంటాది మా అత్త."

నీలావతి చేతులు కొసలు అందుకోవడానికి లేచి, అక్కడే ఆగిపోయాయి.

"నా చేత్తో వద్దు, సౌమ్యా."

"ఏమక్కా, నొప్పా?"

"మా ఆయన పోయినాడు. ఈ పొద్దు తెల్లార్తో. చిలమత్తూర్లో."

సౌమ్య ఇటు తిరిగింది. "బెంగుళూర్లో గదా ఉండేది?"

"అబద్ధం చెప్తి. శానా దినాలాయ నన్ను ఇడ్సిపెట్టి."

ఆ పిల్ల తాళిని గుప్పిట్లో మూసి రొమ్ముకు అదుముకుంది. కాళ్ళు వాటంతటవే ఒక అడుగు వెనక్కి వేశాయి. వేశాక తను చేసింది తనకే తెలిసి, ముఖం ఎర్రబడింది. "మరి ఇప్పుడు అందరికీ ఇస్తివి గదక్కా? అప్పటికే తెలుసునా?" అంది.

"తెలుసు."

సౌమ్య తల వంచుకుని బయటికి పోయింది. కిటికీలోంచి కనిపిస్తోంది. మోపెడ్ పక్కన ఆ పిల్ల వీపు తిప్పి నిలబడితే, మంజునాథ్ అలవాటు లేని వేళ్ళతో ముడి వేస్తున్నాడు. ఒకసారి జారిపోతే మళ్ళీ వేశాడు.

నీలావతి ఖాళీ బీరువాకు తాళం వేసి, తాళంచెవి తీసుకుపోయి నాగన్న చేతిలో పెట్టింది.

"రేపు ఈడ వేరే ఎవురినన్నా పెట్టమని చెప్పప్పా. నేను బట్టల షెడ్డులో చేస్తానని చెప్పు."

"ఏమమ్మా, ఏమయింది? ఇప్పుడు యాడికి పోతాండావు?"

"చిలమత్తూరికి. మా ఆయన పోయినాడు."

నాగన్న నోరు తెరిచేలోగా ఆమె రోడ్డు దాటింది. హిందూపురం బస్సు ఆగింది, ఆమె ఎక్కింది, బస్సు కదిలింది. ఊడ్చడానికి వచ్చిన కుళ్ళాయమ్మ తనిఖీ గదంతా ఊడ్చి, బల్ల తుడుస్తూ చెయ్యి ఆపింది. తెంపి ఇచ్చినామె మళ్ళీ తీసుకోకుండా, తీసుకోవాల్సినామె ముట్టుకోకుండా, సగం మూర కనకాంబరాలు బల్ల మీద అట్లాగే ఉన్నాయి.