రాతి కుక్క ముక్కు

శుక్రవారం కాబట్టి హిల్డా ముందుగా రాతి కుక్క ముక్కు తుడిచింది. ఆ తర్వాత, దానికి కాళ్లు ఆనించి సమాధి మీద ఆరువందల ఏళ్లుగా పడుకున్న మొదటి బారన్ హెస్కెల్ రాతి విగ్రహపు కవచం, జోడించిన చేతులు, విరిగిన కత్తి. మోకాళ్లు కలుక్కుమన్నాయి. సబ్బునీళ్లకు నాని వేళ్లు ముడతలు పడ్డాయి. లింకన్‌షైర్ పల్లెలోని ఆ చర్చిని ఆమె ముప్పై ఏళ్లుగా ఊడ్చి తుడుస్తోంది. పడుకున్నాయన తన పూర్వీకుడని చూడవచ్చినవాళ్లెవరికీ చెప్పదు. చీపురు పట్టుకుని చెబితే నమ్మేదెవరు?

కోట పోయింది, పొలాలు పోయాయి. పద్నాలుగో బారన్ అయిన వాళ్ల నాన్న రైలు స్టేషనులో టికెట్లు అమ్ముకుంటూ కన్నుమూశాడు. కొడుకులు లేరు, ఇద్దరు కూతుళ్లు. ఆ బారన్ బిరుదు ఆడపిల్లలకూ వస్తుంది గాని, కూతుళ్లలో పెద్దా చిన్నా తేడా లేదు. కేకులా చెరి సగం కోయలేరు గనక ఎవరికీ దక్కలేదు. ఒకరు బిడ్డల్లేకుండా పోతే, రెండో ఆమెకు దానంతటదే వస్తుంది. హిల్డాకు పెళ్లి కాలేదు. తలచుకుంటే ఆమెకు ఒళ్లు గగుర్పొడిచేది. ఆరువందల ఏళ్ల నాటి బిరుదు, ఎప్పుడాగుతుందా అని తన గుండె చప్పుడు వింటూ కూర్చుంది!

పదకొండింటికి చెల్లెలు డోర్కస్ ఫ్లాస్కులో టీ తెచ్చింది.

"ఏమే, ఇంకా కాచుక్కూచున్నావా? నేను గట్టిపిండాన్ని, ఇప్పట్లో పోను," అంది హిల్డా.

"ఊరుకో అక్కా. నిన్ను మింగి వచ్చే బిరుదు నాకెందుకు? టీ తాగు, చల్లారిపోతోంది."

"అబ్బో! చిన్నప్పుడు జామ్ గిన్నె కిరీటంలా నెత్తిన బోర్లించుకుని నాచేత దణ్ణాలు పెట్టించుకున్నదెవరో?"

"అప్పుడు దాని ఖరీదు తెలీదుగా."

హిల్డా నవ్వింది. కుక్క ముక్కు మీద ఇంకా మరక ఉందంటూ తడిగుడ్డ తీసుకుని వంగింది. మళ్లీ లేవలేదు. రాతి పాదాల పక్కన తల వాల్చి, కునుకు తీస్తున్నట్టే ఉంది.

"అక్కా, లే. నాకొద్దే అది. లేవే!"

చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. గంట మోగలేదు, రాణిగారి సంతకం అవసరం పడలేదు. చప్పుడు లేకుండా ఆరువందల ఏళ్లు వచ్చి డోర్కస్ ముసలి భుజాల మీద వాలాయి.

కేక విని పరుగెత్తుకొచ్చిన పాస్టరు హిల్డా నాడి చూశాడు. ఊళ్లో పుట్టినవాళ్ల, పోయినవాళ్ల రిజిస్టర్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. "డోర్కస్..." అనబోయి ఆగాడు. టోపీ తీసి తల వంచాడు.

"లేడీ హెస్కెల్," అని బిరుదుతో పిలిచాడు.

డోర్కస్ అక్క చెయ్యి వదలకుండా భోరుమంది.

కుక్క ముక్కు మీద తడిగుడ్డ అలాగే ఉండిపోయింది, ఒక్కొక్క చుక్కే రాలుతూ.