బురుల్చా పాడని పాట

జూరా టీచరు ముప్ఫై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పింది. బడి వదిలి నాలుగేళ్లయినా ఆమెలోని లెక్కల టీచరు మాత్రం ఆమెను వదల్లేదు. బుధవారం మధ్యాహ్నాలు చర్చి సంఘంలోని ఏడుగురు ఆడవాళ్లు ఆమె ముందు గదిలో బైబిలు చదవడానికి కూర్చునేవారు. ఒక్కొక్కరూ ఒక్కో వచనం పైకి చదవాలి. అందరూ చదివాక జూరా పట్నం నుంచి వచ్చిన ప్రశ్నల పుస్తకం తెరిచేది. ప్రతి ప్రశ్న కిందా జవాబు కోసం ఒక్కటే గీత. ఒక గీతలో పట్టలేదంటే అది తప్పు జవాబేనని జూరా నమ్మకం. ఎర్ర పెన్ను కూడా పక్కనే పెట్టుకునేది మహాతల్లి. చదివేటప్పుడు ఎవరైనా ఒక మాట మింగేస్తే వాళ్లచేత వచనం మొదటి నుంచి మళ్లీ చదివించేది.

ఆ ఏడుగురిలో ఆమె ప్రాణం తోడేసేది బురుల్చా. అరవై ఆరేళ్ల మనిషి, నాలుగో తరగతితో బడి మానేసింది. వేలు అక్షరాల కింద పెట్టి నెమ్మదిగా చదివేది. చదివి ఊరుకుంటుందా అంటే, ఊరుకోదు.

"దీనికి ముందు ఏమైంది?" అనేది. "ఆ కుంటివాడికి తల్లి ఉందా? ఇన్నాళ్లూ వాడికి అన్నం పెట్టింది ఎవరు?"

"అపా, అది ప్రశ్నల్లో లేదు," అనేది జూరా. తన కంటే పెద్దది కాబట్టి అపా అని మర్యాదగానే పిలిచేది, కానీ పళ్ల బిగువున.

"ప్రశ్నల్లో లేకపోతే వాడికి తల్లి లేకుండా పోతుందా తల్లీ?"

మిగతా వాళ్లు తలగుడ్డల అంచులు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. జూరా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయేది.

బురుల్చాకి ఆ అలవాటు ఊరికే రాలేదు. వాళ్లుండే కొచ్కోర్ లోయలో ఎవరింట్లో చావు జరిగినా మొదటి కబురు ఆమెకే వెళ్లేది. పోయినవాళ్ల మీద ఆడవాళ్లు పాడే కోషోక్‌ను ఆమెలా పాడేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. వెళ్లగానే పాట ఎత్తుకునేది కాదు. ఇంటివాళ్లను కూర్చోబెట్టి గంటసేపు అడిగేది. ఏ గుర్రం ఎక్కేవాడు, ఎవరితో మాటల్లేకుండా పోయాయి, చిన్నప్పుడు దేనికి భయపడేవాడు, చివరిసారి ఏం తిన్నాడు. అన్నీ విన్నాక ఉన్ని డేరాలోకి వెళ్లి, గోడ వైపు తిరిగి కూర్చుని ఆ మనిషి బతుకంతా పాడేది. పోయినవాడితో పడనివాళ్లు కూడా బయట నిలబడి కళ్లు తుడుచుకునేవారు. ఒక మనిషిని అర్థం చేసుకోవాలంటే ముందూ వెనకా తెలియాలని ఆమెకు ఎవరూ నేర్పలేదు, పనిలోనే వచ్చింది. బైబిలు కూడా అలాగే చదివేది. ఏడుగురిలోనూ నిజంగా చదువుతున్నది ఆవిడేనని జూరాకి చాలా ఆలస్యంగా తెలిసింది.

పోయినేడాది సెప్టెంబరులో, వేసవి మేత అయిపోయి గొర్రెలను కొండ మీద నుంచి దించుతుండగా, బురుల్చా కొడుకు ఉలార్‌బెక్‌ని ఏరు లాక్కుపోయింది. ఒక్కగానొక్క కొడుకు, ఇరవై ఏడేళ్లవాడు. శవం రెండో రోజు దొరికింది. పెరట్లో ఉన్ని డేరా వేసి అందులో పడుకోబెట్టారు. లోయలోని ఆడవాళ్లంతా వచ్చారు. ఊరందరి బిడ్డల మీదా పాడిన మనిషి సొంత బిడ్డ మీద ఏం పాడుతుందోనని, వినకముందే ఏడుస్తూ వచ్చారు.

బురుల్చా నల్ల గుడ్డ తలకు కట్టుకుని డేరాలోకి అడుగు పెట్టబోతుంటే, జూరా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. చేతిలో బైబిలు, వేలు థెస్సలొనీక ఊరి సంఘానికి రాసిన పత్రికలో, ఆ పాతకాలపు ఉత్తరంలో.

"అపా, ఈ పాట మనకొద్దు. మళ్లీ కలుస్తామన్న ఆశ, నిరీక్షణ లేనివాళ్లలాగా మనం దుఃఖపడకూడదని ఇక్కడ రాసుంది. మీరు గోడకి తిరిగి రాగాలు తీస్తే ఊళ్లోవాళ్లు ఏమంటారు? వీళ్ల దేవుడి మీద వీళ్లకే నమ్మకం లేదంటారు."

బురుల్చా ఆ పేజీ కేసి చూసింది. కళ్లు ఉబ్బిపోయి అక్షరాలు కనపడి ఉండవు.

"అది ఎవరికి రాశారు తల్లీ? వాళ్లకేమైందని రాశారు?"

"ఇప్పుడు ప్రశ్నలొద్దు అపా."

బురుల్చా తలూపింది. మూడు రోజులు కొడుకు పక్కన నోరు మూసుకుని కూర్చుంది. చుట్టాల ఆడవాళ్లు తమకు వచ్చిన నాలుగు ముక్కలు పాడారు. పాతిపెట్టి వచ్చాక బురుల్చా ఆడపడుచు కానిమ్‌బుబు వాకిట్లో అందరూ వినేలా అంది. "ఊరందరి కొడుకులకీ గొంతు చించుకుంది. కన్నకొడుక్కి మాత్రం గొంతు పెగల్లేదు."

ఆ మాట బురుల్చా చెవిన పడింది. ఆ ఆదివారం పట్నం నుంచి వచ్చిన పాస్టరు గారికి జూరా బురుల్చా నిబ్బరం గురించి గొప్పగా చెప్పింది కూడా.

ఈ ఏడాది ఆగస్టు చివర్లో బుధవారం చదువు సమూయేలు రెండో గ్రంథానికి వచ్చింది. దావీదు రాజు మీద కొడుకు అబ్షాలోము తిరగబడటం, యుద్ధంలో చనిపోవటం, ఆ కబురు రాజుకు అందటం. ప్రశ్నల పుస్తకంలో ప్రశ్న, దావీదు చేసిన పొరపాటు ఏమిటి అని. కింద ఒక గీత. వరసగా చదువుతుంటే రాజు ఏడ్చిన వచనం బురుల్చా వంతు వచ్చింది.

వేలు పెట్టి చదివింది. కొడుకా అన్న మాట దగ్గర ఆగింది. మళ్లీ మొదలుపెట్టి చివరిదాకా చదివింది. వేలు తియ్యలేదు.

"ఈ కొడుకు తండ్రి మీదకి సైన్యంతో వచ్చినవాడే కదా?"

"అవును అపా."

"అయినా ఇంత ఏడ్చాడు."

"ఏడ్చాడు."

"ఈయనకి నిరీక్షణ లేదా?"

జూరా ప్రశ్నల పుస్తకంలోకి చూసింది. అందులో అది లేదు.

"ఏడవొద్దని ఈయనకి ఎవరూ చెప్పలేదా?" బురుల్చా గొంతులో కోపం లేదు. తెలుసుకుందామనే అడుగుతోంది.

"చెప్పారు," అంది జూరా మెల్లగా. "తర్వాతి అధ్యాయంలో సేనాధిపతి యోవాబు వచ్చి మందలిస్తాడు."

"అయితే ఆయనింటికీ ఒక టీచరు వచ్చిందన్నమాట."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆ రోజు జూరా ఎర్ర పెన్ను ముట్టుకోలేదు. ప్రార్థన కూడా వేరేవాళ్లచేత చేయించి అందర్నీ పంపేసింది.

వాళ్లు వెళ్లగానే థెస్సలొనీక పత్రిక తీసింది. ఆ వచనం ఆమెకు కంఠతా వచ్చు, పత్రిక మొత్తం ఒక్క బిగిన ఎన్నడూ చదవలేదు. ఇప్పుడు బురుల్చా చదివినట్టు చదివింది. ఎవరికి రాశారు? వాళ్లకేమైందని రాశారు? చనిపోయిన తమవాళ్లు ఏమైపోతారో అని బెంగపడుతున్న మనుషులకు ధైర్యం చెప్పడానికి రాశారు. ఈ మాటలతో ఒకరినొకరు ఓదార్చుకోండని ఆ భాగం చివర ఉంది. ఏడవొద్దని ఎక్కడా లేదు. ఆశ లేనివాళ్లలా ఏడవొద్దని మాత్రమే ఉంది. తర్వాత లాజరు కథ తీసింది. కాసేపట్లో ఆ చచ్చినవాణ్ణి బతికించి లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు ఆ సమాధి దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఇదంతా వందసార్లు చదివిన పుస్తకమే. ఓదార్చమని ఇచ్చిన మాట తీసుకుని ఒక తల్లి నోరు నొక్కేశాను కదా అని జూరాకి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లేసరికి బురుల్చా పెరట్లో గిన్నెలు తోముతోంది. ఇంకో పది రోజుల్లో ఉలార్‌బెక్ సంవత్సరీకం. ఆ రోజు భోజనాలయ్యాక తల్లి తలమీది నల్ల గుడ్డ తీసి తెల్లది కడతారు. దాంతో దుఃఖం కట్టేసినట్టు. ఆ తర్వాత పోయినవాడి మీద ఎవరూ పాడరు, పాడకూడదు.

"నేను తప్పు చెప్పాను అపా," అంది జూరా నిలబడే.

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే అనిపించింది. కానీ నువ్వు చదువుకున్నదానివి కదా."

జూరా గిన్నెల పక్కన కూర్చుని మసి గుడ్డ తీసుకుని తానూ తోమసాగింది.

"సంవత్సరీకం రోజు పాడండి అపా. ఎవరేమన్నా నేను చెప్పుకుంటాను."

"నేను పాడకుండా కూర్చున్నానా తల్లీ. చలికాలమంతా గొర్రెల దొడ్లో ప్రయత్నం చేశాను, నీకు తెలియకుండా." బురుల్చా చేతులు ఆగలేదు. "ఐదేళ్లు వచ్చేదాకా వాడికి నత్తి. ఎర్ర గుర్రం తప్ప ఇంకోటి ఎక్కేవాడు కాదు. చలికి వణికే గొర్రెపిల్లల్ని కోటులో పెట్టుకుని ఇంట్లోకి తెచ్చేసేవాడు, నేను తిట్టేదాన్ని. విషయాలన్నీ ఉన్నాయి. రాగం రావట్లేదు. అది ఆ మూడు రోజులే వస్తుంది. వచ్చింది, నేనే మింగేశాను."

"ఆ రోజు డేరాలో కూర్చుంటే వస్తుందేమో."

"చూద్దాం," అంది బురుల్చా.

సంవత్సరీకానికి పెరట్లో మళ్లీ ఉన్ని డేరా లేచింది. భోజనాలకు గుర్రాన్ని కోశారు. లోయ నలుమూలల నుంచి జనం వచ్చారు. డేరా గుమ్మం దగ్గర కానిమ్‌బుబు నిలబడి, "ఈసారైనా గొంతు తెచ్చుకున్నారా వదినగారు?" అని ఎవరితోనో అంటోంది.

జూరా ఆమె ఎదటికి వెళ్లింది. ముప్ఫై ఏళ్లు తరగతి గది దద్దరిల్లేలా మాట్లాడిన గొంతుతోనే అందరూ వినేలా అంది. "పోయినేడు ఈవిడ పాడకపోవటానికి కారణం నేను. పాడొద్దని నేనే ఆపాను. ఈవిణ్ణి ఏమీ అనకండి."

"ఇప్పుడు చెప్తే ఏం లాభం టీచరమ్మా," అంది కానిమ్‌బుబు.

బురుల్చా లోపలికి వెళ్లి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆడవాళ్లు చుట్టూ చేరారు. బయట మగవాళ్లు మాటలు ఆపేశారు. ఆమె ఊపిరి తీసుకుంది. నోరు తెరిచింది. దగ్గు వచ్చింది. మళ్లీ తెరిచింది. కొడుకు పేరు బయటికొచ్చింది, మామూలుగా, భోజనానికి పిలిచినట్టు. దాని వెనక ఏమీ రాలేదు. మూడోసారి పేరు కూడా రాలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. అది చూడలేక ఎవరో ముసలావిడ వెక్కివెక్కి ఏడ్చింది.

"జూరా," అంది బురుల్చా వెనక్కి తిరక్కుండా. "నీ సంచీలో పుస్తకం ఉందా?"

"ఉంది అపా."

"ఆ తండ్రి ఏడ్చింది చదువు. మావాడి పేరు పెట్టి చదువు."

జూరా వచ్చి పక్కన కూర్చుంది, తనూ గోడ వైపు తిరిగి. పేజీ తీసింది. ఆ వచనంలో కొడుకు పేరు మూడుసార్లు వస్తుంది, నా కొడుకా అన్న మాట అయిదుసార్లు. లెక్కల టీచరు కదా, ఆ పది రోజులూ లెక్కపెడుతూనే ఉంది. రాసినదాన్ని మార్చి చదవటం ఆమె జన్మలో ఎరగదు. చదివింది. అబ్షాలోము అని ఉన్నచోట ఉలార్‌బెక్ అంది. నీ బదులు నేను పోయినా బాగుండేది అన్నచోట ఆగాల్సి వచ్చింది. బురుల్చా వేలు తెచ్చి అక్షరాల కింద పెట్టి, ఒక్కో మాటే వెనకాల చెప్పింది. రాగం లేదు. బుధవారం మధ్యాహ్నం ముందు గదిలో చదివినట్టే ఉంది. మూడుసార్లూ పేరు చెప్పింది, అయిదుసార్లూ కొడుకా అంది.

అయిపోయాక ఆడవాళ్లు ఇంకా వస్తుందేమోనని కాసేపు చూశారు.

"అంతేనా?" అని ఎవరో చిన్నగా అడిగారు.

"అంతే," అంది బురుల్చా.

కానిమ్‌బుబు వచ్చి నల్ల గుడ్డ ముడి విప్పింది. ఈసారి ఆమె ఏమీ అనలేదు. తెల్లది కట్టి, అంచు సరిచేసి, అలాగే వదిన భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"తర్వాత ఆ తండ్రి ఏం చేశాడు?" బురుల్చా జూరాని అడిగింది.

"లేచి వెళ్లి గుమ్మంలో కూర్చున్నాడు అపా. జనమంతా ఆయన ముందుకి వచ్చారు."

బురుల్చా మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. బయటికి వెళ్లి గుమ్మం దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లకు టీ పోయటం మొదలుపెట్టింది.

ఇప్పుడు లోయలో చావు జరిగితే మళ్లీ ఆమెకే కబురు పెడుతున్నారు. వద్దనేవాళ్లు లేరు, జూరా తోడు కూడా వెళ్తుంది. బురుల్చా ఇంటివాళ్లను కూర్చోబెట్టి అన్నీ అడుగుతుంది, గోడకి తిరిగి పాడుతుంది, రాగం ఎప్పట్లాగే వస్తుంది. ఆ లోయలో ఏ తల్లి బిడ్డ పోయినా వాడికొక పాట ఉంది. ఉలార్‌బెక్‌కి లేదు.