బొట్టు పెట్టని కంప్యూటరు

"నువ్వే ఏటో నొక్కీసుంటావు" అన్నాడు రాంబాబు, మునక్కాడ నములుతూ.

అరుణశ్రీ అతని కంచంలో ఇంకో గరిటెడు పులుసు పోసింది. లోపలి గదిలో తన కంప్యూటరుకు నెట్ రావడం లేదనీ, షాపు కంప్యూటరులోని ఫైళ్ళు కూడా కనిపించడం లేదనీ చెప్పడానికి అతని భోజనం మొదలయ్యేదాకా ఆగింది. ఆకలి మీదున్న మగాడికి ఏం చెప్పినా తలకెక్కదని పెళ్ళయిన కొత్తలోనే తెలుసుకుంది. కడుపు నిండుతున్న మగాడికీ ఎక్కదని ఇవాళ తెలిసింది.

"నేనేటీ నొక్కలేదు బావా. ఈమధ్య వస్తా పోతా ఉన్నాది. ఇయాల అసలు రాట్లేదు."

"షాపులోది శుభ్రంగా పనిసేస్తన్నాది. మరి తప్పు దేన్లో ఉన్నట్టు? నీ దాన్లోనే."

అంత తేలిగ్గా తేలిపోయింది. షాపులోది మంచిది కాబట్టి ఇంట్లోది చెడ్డది. ఈ లెక్క ఆ ఇంట్లో ఒక్క కంప్యూటర్లకే కాదు, చాలావాటికి చెల్లుతూ వస్తోంది.

శృంగవరపుకోట బజారు వీధిలో వాళ్ళది పెళ్ళికార్డుల దుకాణం. ముందు షాపు, వెనక ఇల్లు, రెంటికీ మధ్య తాతల నాటి మట్టిగోడ. ఆ గోడ మందానికి ఫోను సిగ్నలే దాటి రాదు, ఇక వైఫై ఏం దాటుతుంది? అందుకని నెట్ లైను ముందు షాపులోని మోడెంకి, దాన్నుంచి షాపు కంప్యూటరుకు వచ్చి, అక్కడి నుంచి గోడకు కొట్టిన కన్నంలోంచి ఒక పొడుగాటి వైరు మీద వంటింటి పక్క గదిలోని అరుణశ్రీ కంప్యూటరుకు చేరేది. నెట్టూ ఆ వైరు మీదే, ఫైళ్ళూ ఆ వైరు మీదే. పెళ్ళివారు చెప్పిన పేర్లూ, ఇచ్చిన ఫొటోలూ రాంబాబు ఒక ఫోల్డర్లో వేస్తాడు. లోపల అరుణశ్రీ దాన్ని తెరిచి, అక్షరాలు కూర్చి, అంచులు దిద్ది, వరుడి తాతగారి పేరు ముందు 'కీర్తిశేషులు' మర్చిపోకుండా పెట్టి, కార్డు తయారు చేసి మళ్ళీ అందులోనే ఉంచుతుంది. షాపులో తెర మీద అది వెలగగానే రాంబాబు "మా డిజైనింగు ఎలాగుందో సూడండి" అంటాడు. ఆ 'మా'లో తనూ ఎక్కడో ఓ మూల కూర్చుని ఉందని ఆమె అనుకోవాలి.

ఈ ఏర్పాటులో ఇంకో మెలిక ఉంది. షాపు కంప్యూటరు ఆన్‌లో ఉంటేనే లోపల నెట్. రాంబాబు మధ్యాహ్నం షట్టరు సగం దించి, కంప్యూటరు కట్టేసి, భోజనానికి వస్తాడు. తిని, నడుం వాల్చి, లేచి, టీ తాగి, వెళ్ళి మళ్ళీ వేస్తాడు. సరిగ్గా ఆ వేళే ఆమెకు కాస్త తీరిక. కొత్త అంచులు ఎలా గీస్తున్నారో, అక్షరాలకు నీడ ఎలా ఇస్తున్నారో వీడియోల్లో చూసి నేర్చుకోవాలని ఆమెకు ఆశ. కాసేపు వేసి ఉంచు బావా అని అడిగితే "భోంచేస్తన్నాను కదే. అయ్యాక వస్తాది, ఆగు" అనేవాడు. ఆమె ఆగేది. ఏళ్ళ తరబడి ఆగింది.

ఇవాళ అతను మజ్జిగన్నం కలుపుకుంటూ ఇంకో మాట అన్నాడు. "ఎందుకే నీకీ తలనొప్పి. డిజైన్ తెలిసినోణ్ణి ఒకణ్ణి షాపులోనే కూకోబెడతాను. లోపలిది తీసీద్దాం. నువ్వు హాయిగా ఇల్లు సూసుకో."

కోపంగా అని ఉంటే ఆమె తిరిగి ఏదో అనేది. అతను ప్రేమగానే అన్నాడు, అదీ చిక్కు. చేయి కడుక్కుని వెళ్ళి పడుకున్నాడు.

అరుణశ్రీ ఎంగిలి కంచం తీయకుండా అలాగే నిలబడిపోయింది. ఇల్లు చూసుకోవడం హాయి అని ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్ళెవరూ ఇల్లు చూసుకుని ఉండరు. పొద్దున లేచింది మొదలు ఆమె చేసే పనిలో సాయంత్రానికి మిగిలేది ఏదీ లేదు. వండింది తినేస్తారు, ఊడ్చింది మాసిపోతుంది, ఉతికింది విడిచేస్తారు. ఆ గదిలో చేసింది మాత్రం మిగులుతుంది. గంట్యాడలోనో బొడ్డవరలోనో ఎవరింటి బీరువాలోనో ఆమె కూర్చిన కార్డు ఇప్పటికీ పట్టుచీరల మధ్య భద్రంగా ఉంటుంది. ఇంగువ వాసనా, పోపు పొగా వచ్చే ఆ ఇరుకు గదిలో, కుక్కరు కూతలు ఒక చెవితో లెక్కపెట్టుకుంటూ, ఆమె తనకు మాత్రమే తెలిసిన ఒక పనిమంతురాలైంది. ఆ గది పోతే పోయేది కంప్యూటరు కాదు. అది తలుచుకోగానే ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. కంచం తొట్టిలో పడేసి గదిలోకి వెళ్ళింది.

ముందు తన మీదే అనుమానం వచ్చింది. కూరలో ఉప్పెక్కువైనా, పిల్లాడికి జ్వరమొచ్చినా, ముందు తన చేతుల వంక చూసుకోవడం ఆడవాళ్ళకి ఎలా అలవాటు చేస్తారో చూడండి! నిజంగానే ఏదైనా నొక్కానా? షేరింగు సెట్టింగులు తెరిచి చూసింది. అన్నీ ఎప్పుడూ ఉన్నట్టే ఉన్నాయి. నెట్‌వర్కులో తన కంప్యూటరుకుండే నెంబరు కొట్టి పిలిచింది, పలికింది. షాపుదాన్ని పిలుద్దామంటే అది కట్టేసి ఉంది. ఆమె ఇంక అడగలేదు. షాపులోకి వెళ్ళి తనే మీట నొక్కింది. ఆ మీట ఆమె నొక్కడం అదే మొదటిసారి. వచ్చి మళ్ళీ పిలిస్తే జవాబు లేదు. తెర మూల ఎర్ర ఇంటూ గుర్తు, వైరే పెట్టలేదన్నట్టు. వైరు చూస్తే పెట్టే ఉంది.

వైరు పోయిందా, తన యంత్రం పోయిందా, షాపుది పోయిందా? ఈ మూడింట్లో ఒకటి. ఊహించుకుంటూ కూర్చుంటే తేలదు, ఒక్కోదాన్ని విడదీసి చూడాలి. కలిసిపోయిన పప్పుల్ని వేరుచేసే ఓపిక ఉన్న మనిషికి ఇదేమంత పని? వైర్లన్నీ ఊడదీసి, తన సీపీయూని చంకనెత్తుకుంది.

గుమ్మంలో కార్తీక దీపాలకు వత్తులు చేసుకుంటున్న అత్తగారు కన్యకాపరమేశ్వరి తలెత్తింది. ఆవిడ అరుణశ్రీకి సొంత మేనత్త. "ఏటే, బిందెలాగ సంకనెత్తుకున్నావు?"

"షాపులోకి అత్తా. దీనికి రోగం లేదని రుజువు సెయ్యాలి."

కోడలి మొహంలో ఏం కనిపించిందో, ఆవిడ వత్తులు పక్కనపెట్టి, కంప్యూటరు తెరను రెండు చేతుల్తో పట్టుకుని వెనకాలే నడిచింది.

సగం దించిన షట్టరు కింద నుంచి వచ్చే వెలుతుర్లో పని మొదలైంది. మోడెం వైరు షాపు కంప్యూటరు నుంచి తీసి నేరుగా తన దానికి పెట్టింది. నెట్ వచ్చింది. అంటే తన యంత్రం నిక్షేపంలా ఉంది. సీపీయూని మళ్ళీ చంకన వేసుకుని, తెరను కూడా లోపలికి చేర్చి, పొడుగు వైరు షాపువైపు కొసను మోడెంకి పెట్టమని అత్తగారికి కేకేసింది. "నొక్కితే టిక్కుమనాలత్తా!" టిక్కుమన్న చప్పుడు గోడ కన్నంలోంచి వినపడిందో లేదో గానీ, లోపల తెర మీద నెట్ వచ్చింది. అంటే వైరూ బాగుంది. ఇక మిగిలింది షాపులోది.

ఫోన్లో లైటు వేసి షాపు సీపీయూ వెనకవైపుకు వంగి చూసింది. అక్కడ రెండు సాకెట్లు. కిందిది మోడెం వైరు పెట్టేది, బాగానే ఉంది. పైది లోపలికి వెళ్ళే వైరుది. దాని నోట్లో పసుప్పచ్చగా ఏదో గడ్డకట్టింది. లోపలి సన్నటి రాగి తీగలు చిలుము పట్టి పచ్చబడ్డాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. మంచిగంధం.

అరుణశ్రీకి దసరా గుర్తొచ్చింది. ఆయుధపూజ రోజు రాంబాబు షాపులోని సామానంతా బయటికి తీసి, వైర్లు పీకి, తుడిచి, తడి గంధం పూసి బొట్లు పెట్టాడు. కటింగు మిషనుకు, ప్రింటరుకు, కంప్యూటరుకు ముందూ వెనకా. భక్తి ఎక్కువైనవాడు కొలత చూడడు. తడి ఆరకముందే వైర్లన్నీ మళ్ళీ పెట్టేశాడు. ఆ గంధం సానమీద అరగదీసింది ఆమే. గారెలూ పులిహోరా చేసి నైవేద్యానికి పంపిందీ ఆమే. చేతులు తుడుచుకుంటూ వచ్చి "లోపలి కంప్యూటరుకు కూడా ఓ బొట్టు పెట్టవా బావా" అని అడిగింది. "అది ఇంట్లో సామాను కదే" అన్నాడతను. "పూజ పనిముట్లకి."

ఆ మాట అప్పుడు ఎంత గుచ్చుకుందో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు షాపులో నేల మీద కూర్చుని ఒక్కసారిగా పగలబడి నవ్వింది. పూజలందుకున్నది పాడైపోయింది. గుర్తింపు లేనిది గుండ్రాయిలా పనిచేస్తోంది.

నవ్వు విని రాంబాబు లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. ఆమె లైటు వేసి చూపించింది. అతను ఒకసారి సాకెట్టుని, ఒకసారి ఆమెను చూశాడు. దేవుడి గంధానికే పోయిందంటావా అని గొణిగాడు. తర్వాత, అతనిలో ఉన్న మంచితనం అదే, మెల్లగా అన్నాడు: "ఎలా కనిపెట్టీసేవే?"

"నాది మంచిదని తెలుసు బావా. అక్కణ్ణించి వెతుక్కుంటా వచ్చాను."

పాత టూత్‌బ్రష్షుతో గీకి చూసింది, తీగల్ని చిలుము తినేసింది. మర్నాడు ఆమే విజయనగరం బస్సెక్కింది. ఆమె లేని పూట ఇంట్లో అన్నం మెత్తబడిందనీ, షాపుకొచ్చిన పెళ్ళివారికి రాంబాబు 'మా ఆవిడ వస్తే గానీ అవదండి' అని చెప్పాల్సొచ్చిందనీ తర్వాత అత్తగారు నవ్వుతూ చెప్పింది. ఆమె అరచేతిలో ఇమిడే నెట్‌వర్కు కార్డు ఒకటి కొనుక్కుని వచ్చింది. అది సీపీయూలో బిగిస్తే ఇంకో సాకెట్టు వస్తుంది.

షాపుదాని మూత విప్పడానికి రాంబాబు స్క్రూడ్రైవరు పట్టుకుని ఎదురు చూస్తున్నాడు. అరుణశ్రీ అది అతని చేతిలోంచి తీసుకుని లోపలికి వెళ్ళి, తన సీపీయూ మూత విప్పింది.

"అదేటి? లైను షాపుకోసం కదా తీసుకున్నాం" అన్నాడు వెనకాలే వచ్చి.

"షాపుకీ వస్తాది బావా. ముందు నా దగ్గిరికొచ్చి, ఇక్కణ్ణించి వస్తాది."

అతను తల్లి వంక చూశాడు. ఆవిడ కోడలి చేతుల వంకే చూస్తోంది. కార్డు గాడిలో కూర్చుని చిన్నగా కిర్రుమంది. బయటి నెట్ లైనును కూడా గోడ కన్నంలోంచి లోపలికి లాగితే, మోడెం వచ్చి వంటింటి గూట్లో పోపులపెట్టె పక్కన కూర్చుంది. గోడ కన్నంలోంచి అదే వైరు ఇప్పుడు ఇటు నుంచి అటు వెళ్ళి, షాపు కంప్యూటరు కింది సాకెట్టులో దూరింది. షేరింగు తిరగేసి, పెళ్ళిళ్ళ ఫోల్డరుని కూడా తన దగ్గర పెట్టుకుంది. షాపు తెర మీద నెట్ వచ్చింది, ఫైళ్ళు వచ్చాయి. డిజైన్‌కి కుర్రాణ్ణి పెట్టుకునే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కన్యకాపరమేశ్వరి దేవుడి గదిలోంచి కుంకుమ భరిణె తెచ్చింది. "నా సిన్నప్పుడు ఇంట్లో కుట్టుమిషనుండీది. దాని మీద కుట్టీదాన్ని నేను, పూజ సేసీవోరు మా అన్నయ్య" అంది, ఎవరితోనూ కాదన్నట్టు. అంతకాలం ఆవిడ ఆ మాట ఎక్కడ దాచుకుందో అరుణశ్రీకి తెలీదు. ఆవిడ సీపీయూ నుదుటన, పొడి కుంకుమతో, చిన్న బొట్టు పెట్టింది. వెనక వైపుకు పోలేదు.

మరుసటి మధ్యాహ్నం, ఆ ఇంట్లో ఎప్పుడూ అందరి తర్వాత తినే అరుణశ్రీ, తన కంప్యూటరు కట్టేసి, చేయి కడుక్కుని, వేడన్నం ముందు కూర్చుంది. అత్తగారు ఎదురుగా కూర్చుని నెయ్యి వేసింది. ముద్ద కలుపుతుండగా షాపులోంచి రాంబాబు కేక వినిపించింది.

"ఒసే అరుణా! ఇక్కడ నెట్ రాట్లేదే!"

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుంది, నమిలి మింగింది, అప్పుడు చెప్పింది.

"భోంచేస్తన్నాను బావా. అయ్యాక వస్తాది, ఆగు."