లిఫ్టు పిల్ల, పదకొండు పేజీలు

నేను కథలు రాయను, చెప్తాను. పెన్ను పట్టుకుని ఏడాదిన్నర అయింది. ఫోన్లో మైకు గుర్తు నొక్కి, దాన్ని కిటికీ గట్టు మీద నిలబెట్టి, ఉల్లిపాయలు తరుగుతూ మాట్లాడతాను. నా మాటలన్నీ అదే అక్షరాల్లోకి దించేసుకుంటుంది. చేతులు ఇంటికి, నోరు సీరియల్‌కి. ఎవరి దగ్గరా పనిచెయ్యకుండా సొంతంగా రాసుకుంటున్నానని మొదట్లో ఎంత మిడిసిపడ్డానో! ఇప్పుడు నా సీరియల్ వచ్చే కథల యాప్‌లో నాకు పదకొండు వేలమంది పాఠకులు, అంటే పదకొండు వేలమంది యజమానులు. సోమవారం, గురువారం సాయంత్రం నాలుగింటికల్లా భాగం పడాలి. నాలుగుంబావు అయిందంటే, ఏమ్మా బతికే ఉన్నావా అని అడిగేవాళ్ళున్నారు.

సీరియల్లో నాయిక ఒక డాక్టరమ్మ. మేనత్త దగ్గర ఉంటుంది. నూట నలభై రెండు భాగాల్లో ఆవిడకి రెండుసార్లు జ్ఞాపకం పోయింది, ఒకసారి పెళ్ళి ఆగింది, ఎక్కడినుంచో ఒక చెల్లెలు ఊడిపడింది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మొదటి యాభై భాగాల దాకా నాకు సరదాగానే ఉండేది. ఇప్పుడు ఆవిడ పేరెత్తితే ఒళ్ళు మంట. ఆవిడకీ నేనంటే అంతే అయ్యుంటుంది.

నా మొదటి పాఠకురాలు మా అత్తయ్య. పాఠకురాలంటే, వినేది. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తూ, చెవి మిషన్ సరిచేసుకుంటూ ప్రతి ముక్కా వింటుంది. ఆ చెల్లెల్ని నమ్మొద్దని చెప్పవే అని సలహాలిస్తుంది. నచ్చకపోతే మాట్లాడదు, గిన్నె ఎత్తి బల్ల మీద ఠప్పున పెడుతుంది. ఈ మధ్య ఆ చప్పుడు ఎక్కువైంది.

సీరియల్ మొదలుకాకముందు, అంటే రెండేళ్ళ కిందట, చేత్తో ఒక కథ రాసుకున్నాను. పన్నెండంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపే ఒక పిల్ల కథ. అందరినీ ఏ అంతస్తు అని అడుగుతుంది, తననెవరూ అడగరు. పదకొండు పేజీలయ్యాయి. అవి రాసిన నెలలో నేను పాలు పొంగబెట్టి, బట్టలు వానకి తడిపేసి, నాలో నేను నవ్వుకుంటూ తిరిగాను. మధ్యాహ్నాలు అత్తయ్యకి చదివి వినిపించేదాన్ని. పదకొండో పేజీ చివర నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోతుంది. అక్కడ నేనూ ఆగాను. ఈలోపు డాక్టరమ్మ వచ్చిపడింది.

మొన్న గురువారం రెండున్నరైంది. డాక్టరమ్మ మేనత్త చేతిలోంచి కప్పు అందుకుని కిటికీ వైపు తిరిగింది, అన్నాను. ఆ తర్వాత ఏం చేస్తుందో నాకు తెలిస్తే ఒట్టు. తల గోడకేసి కొట్టుకున్నా ఒక్క ముక్క రాలేదు. గింజలు ఒలవడం ఆపి అత్తయ్య నెమ్మదిగా అడిగింది.

"అవునే, ఆ లిఫ్టు పిల్ల ఇంకా అందులోనే ఉందా?"

నాలో ఎక్కడో పుటుక్కుమంది.

"అందులోనే ఉంది అత్తయ్యా. రేపు తీస్తాను, ఎల్లుండి తీస్తాను అంటూ రెండేళ్ళు ఉంచేశాను. నాకు లోకంలో ఇష్టమైన పని ఒక్కటే ఉండేది. గడియారం చూసుకుంటూ చేసి చేసి దానిమీద రోత పుట్టించుకున్నాను. ఇప్పుడా పిల్ల లోపల్నించి తలుపు బాదినా నాకు లేచే ఓపిక లేదు."

నేను కళ్ళు తుడుచుకుని మిగిలిన రెండు పేరాలూ ఎలాగోలా చెప్పేసి, మళ్ళీ చదవకుండా నాలుగింటికి పడేలా పెట్టేసి, మంచమెక్కి చచ్చినట్టు నిద్రపోయాను.

అయిదింటికి లేచి ఫోన్లో భాగం తెరిచాను. అత్తయ్యతో మాట్లాడేటప్పుడు మైకు ఆపడం మర్చిపోయాను. అత్తయ్య ప్రశ్న, నా ఏడుపు, పొల్లుపోకుండా భాగంలో ఉన్నాయి. చదివినవాళ్ళ లెక్కలో అడిగింది మేనత్తట, చెప్పింది డాక్టరమ్మట. అతుకు కూడా కనిపించలేదు. తీసేద్దామని వేలు పెట్టేసరికే అభిప్రాయాలు ఏడు వందలు దాటాయి. ఇన్నాళ్ళకి డాక్టరమ్మ మనిషిలా మాట్లాడిందన్నారొకరు. డ్యూటీ దిగి బస్సులో చదివాను, లేచే ఓపిక నాకూ లేదక్కా అని ఒక నర్సు రాసింది. ఆ ఒక్కటీ రెండుసార్లు చదువుకున్నాను. మిగతావాళ్ళందరిదీ ఒకటే గోల: లిఫ్టు పిల్ల ఎవరు, సోమవారం ఆ పిల్ల కథే కావాలి.

యాప్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, ఆ పిల్లకి ఒక యాభై భాగాలు వస్తాయా అని అడిగింది. ఆలోచిస్తానన్నాను. మా ఆయన ఆఫీసునుంచి వచ్చి, విని, చెప్పులు విప్పుతూనే సంబరపడిపోయాడు. పదకొండు పేజీలు రాసినవే ఉన్నాయి కదా, రెండు వారాలు హాయిగా పడుకోవచ్చు అన్నాడు. చెడ్డమాటేం కాదు. అయినా ఆ మనిషిమీద ఎంత కోపం వచ్చిందంటే, టీ ఇచ్చేటప్పుడు కప్పులోది సగం సాసర్లోకి ఒలికింది.

కోపం సరే, ఆశ కూడా పుట్టింది, అబద్ధమెందుకు. శుక్రవారం పొద్దున మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఇస్త్రీ బట్టల కిందనుంచి ఆ కాగితాలు తీశాను. ఫోన్ గట్టు మీద పెట్టి, మైకు నొక్కి, మొదటి పేజీ చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు బాగానే నడిచాయి. మూడోది కాగితం మీద లేదు. నా నోరు దానంతటదే ఒక సూటు వేసుకున్న అందగాణ్ణి లిఫ్టులోకి ఎక్కించింది. వాడు ఆ పిల్ల వంక అదోలా చూశాడు కూడా.

బల్ల దగ్గర అత్తయ్య గిన్నె ఠప్పుమంది.

మైకు ఆపేశాను. పదో భాగానికి ఈ పిల్లకి కూడా జ్ఞాపకం పోతుంది, ఇరవయ్యో భాగానికి దీని మొహం చూడ్డం కూడా నాకు చిరాకవుతుంది. ఆ తర్వాత నాకంటూ ఏమీ మిగలదు. నా వల్ల కాదు అత్తయ్యా అన్నాను. ఏది కాదో నాకే తెలీదు.

అత్తయ్య ఉల్లిపాయల పళ్ళెం, కత్తి తనవైపు లాక్కుంది.

"ఇది పైకి చెప్పకు. కూర్చుని రాసుకో. నేను కూడా వినను," అని చెవిలోంచి మిషన్ తీసి నా ముందు బల్ల మీద పెట్టింది.

సోమవారం భాగం లేదని, లిఫ్టు పిల్ల పొరపాటున వచ్చిందని, ఆ పిల్ల ఈ కథలో మనిషి కాదని పాఠకులకి రాశాను. నొక్కడానికి వేలు చాలాసేపు మొరాయించింది. నొక్కాక ఫోన్ తీసుకెళ్ళి బీరువాలో పెట్టాను. ఇల్లంతా వెతికితే మా ఆయన పాత చొక్కా జేబులో ఒక పెన్ను దొరికింది.

పన్నెండో పేజీ. నాలుగు వాక్యాలు రాశాను, రెండు కొట్టేశాను. మణికట్టు లాగింది. సంతోషంగా ఉందా అంటే చెప్పలేను, అలసటైతే అలాగే ఉంది. ఆ పిల్ల మాత్రం స్టూలు మీదనుంచి లేచి తలుపు సందులో చెవి పెట్టి వింటోంది. ఆ సంగతి నాకు రాసేదాకా తెలీదు.

చెవిలో మిషన్ లేకపోతే అత్తయ్య గొంతు వీధి చివరిదాకా వెళ్తుంది.

"బయటికొచ్చిందా?" అంది.

లేదని తల అడ్డంగా ఊపాను.

"ఊపిరాడుతోందా మరి?"

కాగితం వంక చూసుకున్నాను. ఆడుతోందని తల ఊపాను. ఆవిడ ముక్కు చీదుకుని ఇంకో ఉల్లిపాయ తీసుకుంది.