మొక్కు ఆమెది, తల ఆయనది

మొక్కు మునివెంకటమ్మది, తల సోమప్పది. తంటా అంతా అక్కడే వచ్చింది.

వాళ్లు గొర్రెల కాపర్లు. కులదైవం వీరభద్రసామి. ఏటా జాతరలో మొక్కుకున్నవాళ్లు గుడి ముందు వరుసగా కూర్చుంటారు, పూజారి ఒక్కొక్కరి నడినెత్తిన టెంకాయ కొడతాడు. కాయ పగిలితే సామి మొక్కు అందుకున్నట్టు. ఆ వేడుకంటే సోమప్పకు ప్రాణం. నలభై ఏళ్లుగా అందరికన్నా ముందు నిలబడి ఈలలు వేసిన మనిషి. కానీ తొంభై ఎనిమిదో సంవత్సరం జాతరలో కూర్చోవలసింది తనే.

అంతకు రెండేళ్ల ముందు రాగి కోతల కాలంలో, పొద్దు పొడుస్తుండగా చేనికి పోయాడు. గట్టు తిరిగేసరికి ఎదురుగా ఒంటి ఏనుగు! పరుగెత్తబోయి కాలు జారి వెల్లకిలా పడ్డాడు. ఏనుగు వచ్చి మీదికి వంగింది. తొండంతో మొహం నుంచి పాదాల దాకా వాసన చూసింది. తర్వాత ఏమనుకుందో ఏమో, నాలుగు రాగి కంకులు పెరుక్కుని అడవి దారి పట్టింది. వెనకాలే సద్ది తెస్తున్న మునివెంకటమ్మ గట్టు మీద కొయ్యబారి ఇదంతా చూసింది. "సామీ, నా మొగుణ్ణి నాకియ్యి, ఆయన తలమీద టెంకాయ కొట్టిస్తా" అని అక్కడే మొక్కేసింది.

ఆనాటి నుంచి తళి బస్టాండులో టీ అంగడి దగ్గర సోమప్పకు అదే కథ. "ఊపిరి బిగబట్టినాను చూడప్పా, నన్ను రాయి అనుకొని ఇడిసిపోయింది. ధైర్యముండాల!" అనేవాడు. మొక్కు మాట ఎత్తితే మాత్రం టీ గ్లాసు దించి లేచిపోయేవాడు. మొదటి ఏడు జాతరకు జ్వరమని దుప్పటి ముసుగు పెట్టాడు. ఈ ఏడు పెళ్లాం ఊరుకోలేదు. సరేనని రెండు నెలలుగా మంగలి గడప తొక్కకుండా జుట్టు పెంచాడు. దెబ్బ కాస్త మెత్తగా తగులుతుందని ఆశ!

జాతర నాడు డోళ్లు మోగుతుంటే నేల అదిరిపోతోంది. బాగలూరు నుంచి, కెలమంగలం నుంచి బస్సులు నిండా జనం. హోసూరులో కంపెనీ పని చేసే బావమరిది శశికుమార్ టీవీఎస్ బండి మీద దిగీ దిగగానే మొదలుపెట్టాడు.

"ఏం బావా, ఏనుక్కే బెదరనోడివి, టెంకాయ ఒక లెక్కా నీకు?"

"నోరు మూసుకోరా" అన్నాడు సోమప్ప. పెంచిన జుట్టును నడినెత్తి మీదికి కుప్ప చేసుకున్నాడు.

వరుసలో ఏడోవాడిగా కూర్చున్నాడు. పూజారప్ప అటు నుంచి వస్తున్నాడు. టప్! జనం గోల. టప్! మళ్లీ గోల. ఐదో తల. ఆరో తల. పక్కవాడి నెత్తిన పగిలిన కాయ నీళ్లు సోమప్ప చెంప మీద చిందాయి. పూజారప్ప సోమప్ప తల తడిమి నవ్వాడు.

"ఏమప్పా, పరుపు ఎత్తుకొచ్చినావా?"

అంతే. సోమప్ప దిగ్గున లేచాడు. "కాలు తిమ్మిరి పట్టింది సామీ, ఇప్పుడే వస్తా" అంటూ వరుస దాటేశాడు. జనం విరగబడి నవ్వారు. శశికుమార్ ఈల వేశాడు.

మునివెంకటమ్మ నవ్వలేదు. కొంగు నడుముకు బిగించి వచ్చి ఆ ఖాళీలో కూర్చుంది. "మొక్కింది నేను గదా సామీ. నా తలమీదే కొట్టు" అని చేతులు జోడించి తల వంచింది.

పూజారప్ప కాయ పైకెత్తాడు. సోమప్పకు పెళ్లాం తల కనిపించింది. నెరిసి పలచబడిన జుట్టు, చిన్న ముడి. దానిలో ఒక్క పువ్వు లేదు. కనకాంబరం తోటలో కూలికి పూలు కోసే మనిషి, మూర పూలు లేనిదే సంతకు కూడా పోని మనిషి! ఎన్నాళ్ల నుంచి లేవు? ఎంత తలచుకున్నా ఆ ఏనుగు వచ్చిన నాటి నుంచి ఆమె తలలో పువ్వు చూసిన గుర్తే లేదు. మొక్కు తీరేదాకా మానేసిందన్నమాట.

"ఆపు సామీ, ఆపు!" అంటూ ఉరికొచ్చి ఆమెను భుజం పట్టి పక్కకు జరిపి తను కూలబడ్డాడు. "అందరూ వినండప్పా! నేను ఊపిరి బిగబట్టిందీ లేదు, ధైర్యమూ లేదు. కండ్లు మూసుకొని సామీ సామీ అని ఏడ్చినాను. ఏడస్తా ఉంటే ఎవరో మీద చెయ్యి పెట్టినట్టు భయం పోయింది. నన్ను కాపాడింది సామి. ఇంగ కొట్టు!"

కళ్లు మూసుకున్నాడు. వింతగా మళ్లీ అదే నెమ్మది కమ్ముకుంది, ఏనుగు కింద పడుకున్ననాటి నెమ్మది. డోళ్లు ఎక్కడో దూరంగా మోగుతున్నట్టున్నాయి. ఏ చెయ్యి ఆనాడు కాచిందో ఆ చెయ్యి ఇంకా తీసెయ్యలేదు, తనే మరిచిపోయాడు.

టప్!

కాయ సరిగ్గా రెండు చెక్కలైంది. చప్పుడే ఎక్కువ, నొప్పి తక్కువ. తీయటి నీళ్లు ముక్కు మీదుగా నోట్లోకి కారాయి. సోమప్ప ఎగిరి లేచాడు. "పగిలింది! ఏమ్మే, పగిలింది! సామి అందుకున్నాడు!" అని చిన్నపిల్లాడిలా గెంతాడు. శశికుమార్ బావను అమాంతం ఎత్తేసి తిప్పాడు. జనం గోలకు డోళ్లు వినపడలేదు.

కిందికి దిగగానే పూజారప్ప దగ్గర సామి పూలు అడిగి తీసుకున్నాడు. నెత్తి మీది నీళ్లు కళ్లలోకి కారుతుంటే తడుముకుంటూ పెళ్లాం ముడిలో వంకరగా గుచ్చాడు.

"పూలు మానేసినావని నాకు చెప్పకపోతివే?"

"నీకు ఏనుగు కత చెప్పేదానికే పొద్దు చాలకపోయె" అంది మునివెంకటమ్మ, పువ్వు సరిచేసుకుంటూ. "నా కత యాడ వింటావు?"